గంజిలో వేసిన తోడు

వరద తీశాక మా ఇంట్లో బూజు పట్టనిది మా అమ్మ నోరొక్కటే. గోడలకి పట్టింది, బీరువా వెనక పట్టింది, చెప్పులకీ బెల్టులకీ దేవుడి పటాల వెనక అట్టలకీ పట్టింది. ఆఖరికి పెళ్లినాటి పట్టుచీర మడతల్లో కూడా పట్టింది. గోదావరి పాయ మా పెదగరువు వీధుల్లోకి ఏటా తొంగిచూసి పోతుంది గాని, ఆ ఏడు లోపలికొచ్చి కూర్చుంది. నీళ్లు పోయాక బురద ఎత్తిపోయడం ఎలాగో అయింది. గోడలు తాగిన నీళ్లు కక్కించడమే మా వల్ల కాలేదు.

అందరూ చేసేవన్నీ మేమూ చేశాం. బ్లీచింగ్ పొడి కలిపిన నీళ్లతో గోడలు రుద్దాం. కిటికీలు బార్లా తెరిచి ఫ్యాన్లు తిప్పాం. మంచాలు గోడకి దూరంగా జరిపాం, బీరువాలో కర్పూరం బిళ్లలు పెట్టాం. తుడిచిన చోట కొద్ది రోజులు తెల్లగా ఉండేది. మళ్లీ ముసురు పట్టగానే మసి చల్లినట్టు నల్ల చుక్కలు లేచేవి.

ఇంటి అందం కోసమే అయితే నేను పట్టించుకునేవాణ్ణి కాదు. మా అమ్మాయి నీలవేణికి బూజు పడదు. ఆ వాసన తగిలితే చాలు, గుండెల్లో పిల్లికూతలు మొదలవుతాయి. ఎనిమిదేళ్ల పిల్ల మంచం మీద కూర్చుని, మోకాళ్ల మీద చేతులు ఆనించి, భుజాలు ఎగరేస్తూ గుక్కెడు గాలి కోసం తంటాలు పడుతుంటే చూడ్డం పగవాడికి కూడా వద్దు. నెబులైజర్ పెట్టేవాళ్లం. కరెంటు పోతే ఆటోలో ఆసుపత్రికి పరిగెత్తేవాళ్లం. ముందు ఇంట్లో బూజు వదిలించండి అని డాక్టరు ప్రతిసారీ అదే పాట పాడేవాడు. ఆయనుండేది మూడో అంతస్తులో. మాది ఏటిగట్టు దిగువన.

ఇల్లు మారొచ్చు కదా అని సలహా ఇచ్చినవాళ్లకీ కొదవ లేదు. ఆ ఇంటి ముందు గదే మా హోటలు. నాన్న పోయాక మా అమ్మ మాణిక్యమ్మ రుబ్బురోలు ముందు కూర్చుని మొదలుపెట్టింది. పనసాకులతో కుట్టిన బుట్టల్లో ఇడ్లీపిండి పోసి ఆవిరి మీద ఉడికించే పొట్టిక్కలు మా ప్రత్యేకం. పాయ అవతల నుంచి కూడా పడవ దాటి వచ్చి తినిపోయేవాళ్లు. పొట్టిక్క బాగుండాలంటే పిండి బాగా పొంగాలి. ఆ పొంగు మా అమ్మ చేతిలో ఉందని ఊరంతా అనేవారు, ఆవిడ కాదనేది కాదు.

నా భార్య హైమవతి లోకం వేరు. కొబ్బరి తెగుళ్ల మీద పనిచేసే ఒక ప్రయోగశాలలో ఆమె ఉద్యోగం. వరద తర్వాత తోటల్లో పడిపోయిన మొద్దులన్నీ బూజు పట్టి నల్లబడితే, ఒక మొద్దు మీద మాత్రం అరచేతి మేర శుభ్రంగా కనిపించిందట. అక్కడ గీకి తెచ్చిన పొరని గాజు పళ్లెంలో బూజు పక్కన పెట్టింది. తెల్లారేసరికి బూజు లేదు, తెల్లటి పొర మాత్రం మీగడలా దళసరిగా ఉంది. కంటికి కనిపించని ఆ జీవికి బూజే తిండి. తిండి అయిపోగానే అది ఎండిపోయి, సుద్దపొడిలా రాలిపోతుంది. గాలిలో ఎగరదు, తడి తగిలితేనే ఒకచోటు నుంచి మరోచోటుకి పోతుంది. ఆకలేస్తే తినడం, తిండి లేకపోతే చావడం తప్ప దానికి ఇంకేమీ రాదని హైమ మురిసిపోతూ చెప్పింది.

పరీక్షలన్నీ అయి అనుమతి రావడానికి ఏళ్లు పడుతుందని పై అధికారులు అన్నారు. నీలు ఊపిరికి అన్నేళ్ల గడువు లేదు. ఒక సాయంత్రం హైమ చేతిసంచిలో చిన్న సీసా తెచ్చి, మూత తీసి, దూదితో నీలు మంచం పక్క గోడకి అద్దింది. పొద్దున లేచి చూస్తే అద్దినంత మేరా గోడ తెల్లగా ఉంది. వారం తిరిగేసరికి ఇంట్లో నల్ల చుక్క లేదు. పిల్లికూతలూ లేవు. నీలు వీధి చివరిదాకా పరిగెత్తి, అంతే వేగంతో తిరిగొచ్చి, ఆయాసం రాలేదని మాకు చూపించడానికి మళ్లీ పరిగెత్తింది. నేను గల్లాపెట్టె దగ్గర కూర్చుని అందరూ చూస్తుండగానే కళ్లు తుడుచుకున్నాను.

ఇక గోడ మీది పొర తనంతట తనే చచ్చిపోతుందనీ, మళ్లీ ముసురు పడితే ఇంకో సీసా తేవాలనీ, ఈ సంగతి బయట ఎక్కడా అనొద్దనీ హైమ చెప్పింది. మేం తలూపాం. మా అమ్మ కూడా ఊపింది. కాని ఇంట్లో ఏదైనా వస్తువు అయిపోతుందంటే మా అమ్మకి మనసొప్పదు. పెరుగు అయిపోకముందే గరిటెడు తీసి పాలల్లో వేసే మనిషి ఆవిడ. నాకు బుద్ధి తెలిశాక మా ఇంట్లో తోడు లేని రోజు లేదు.

కొన్నాళ్లకి హైమ వంటింట్లో అలమర కింద మూత పెట్టిన మట్టికుండ చూసింది. మూత తీస్తే గోరువెచ్చని గంజి, దాని మీద తెల్లటి పొర.

"ఇదేంటత్తయ్యా?"

"నీ సీసాలోదేనమ్మా. అయిపోద్దన్నావుగా. అయిపోకుండా గంజిలో తోడేశాను."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు తెచ్చిన మర్నాటి నుంచీని. మొదట్లో సరిగ్గా పట్టేది కాదు. బాగా తోడుకున్న గిన్నెలోంచే మర్నాటికి తీసేదాన్ని, చచ్చుగా ఉన్నది పారబోసేదాన్ని. పెరుక్కైనా అంతేగా."

హైమ కుండ మీద మూత గట్టిగా నొక్కింది. ఎవరికైనా ఇచ్చారా అని అడిగింది.

"అడిగినోళ్లకల్లా ఇచ్చాను. తోడు లేదనకూడదు కదమ్మా."

అడగనిదెవరు? బూజు మా ఒక్కరి ఇంట్లోనా? మా గోడలు చూసినవాళ్లు గిన్నె పట్టుకొచ్చారు. వాళ్ల గోడలు చూసినవాళ్లు వాళ్ల దగ్గరికి గిన్నెలు పట్టుకెళ్లారు. దీపాలు పెట్టాక తోడు ఇవ్వకూడదు గనక, పొద్దుటిపూటే మా అరుగు మీద గిన్నెలు బారులు తీరేవి. హోటల్లో పనితో సతమతమవుతూ నేను వాటిని పెరుగు గిన్నెలే అనుకున్నాను. వరద బాధితులకి ప్రభుత్వం ఏం చేసిందో తెలియదు గాని, మాణిక్యమ్మగారు మాత్రం ఊరి గోడలన్నీ కడిగేసిందని చెప్పుకున్నారు. మీ కోడలు బంగారమండీ అని రోడ్డు అవతల బేకరీ సుందర్రావు ఒక పెద్ద కేకు తెచ్చిచ్చాడు. వాళ్ల జ్యోతి, మా నీలు ఒకే తరగతి. ఆ పిల్లకీ పిల్లికూతలే.

మర్నాడు నేను క్యారేజీ పట్టుకుని ప్రయోగశాలకి వెళ్లాను. హైమ అన్నం ముట్టుకోకుండా నన్ను బల్ల దగ్గరికి లాక్కెళ్లింది. రెండు గాజు పళ్లేలున్నాయి. ఒకదాంట్లో తన సీసాలోది, తిండి అయిపోయి పొడి పొడిగా ఎండిపోయింది. రెండోదాంట్లో మా అమ్మ కుండలోది. దానికీ బూజు పెట్టలేదు, మెతుకులు మాత్రమే వేసింది. అది మెతుకుల చుట్టూ అల్లుకుని నిగనిగలాడుతోంది. రోజూ బతికినదాన్నే ఏరి, చచ్చేదాన్ని పారబోసి, మా అమ్మ చావడం తెలియని రకాన్ని తయారుచేసింది. పెద్ద పెద్ద ప్రయోగశాలల్లో చేసే పని వంటింట్లో గరిటెతో అయిపోయింది. హైమ క్యారేజీలోంచి పిండి కొంచెం తీసి ఆ పళ్లెంలో వేసింది. ఆమె తెమ్మందని క్యారేజీ పై గిన్నెలో పోసుకొచ్చిన, ఆరోజు పొట్టిక్కల్లో మిగిలిన పిండి అది, బుడగలు లేస్తూ ఉంది. మేం మాట్లాడుకుంటుండగానే బుడగలు తగ్గాయి. కాసేపటికి పిండి చదునుగా, మట్టి అలికినట్టు అయిపోయింది.

"పిండిని పొంగించేవాటిలో బూజు జాతివి కూడా ఉంటాయండీ. దీనికి బూజు దొరక్కపోతే ఇవి తింటుంది."

పెరుగు సంగతేమిటని అడిగాను. పెరుగుని తోడు పెట్టే జీవులు వేరు, వాటి జోలికి పోదని చెప్పింది. నాకు నవ్వొచ్చింది. లోకంలో తోడు అన్నమాట నిలబడింది, పొంగు అన్నమాటే పోయింది.

ఆ తర్వాత జరిగింది ఊళ్లో అందరికీ తెలుసు. మా పొట్టిక్కలు రాళ్లయ్యాయి. పెసరట్టుకి పులియక్కర్లేదు గనక కొన్నాళ్లు పెసరట్లతో నెట్టుకొచ్చాను. సుందర్రావు బేకరీలో రొట్టెలు పలకల్లా వచ్చాయి, అతను పొయ్యి ఆర్పేసి మెట్ల మీద కూర్చున్నాడు. కల్లు గీసే గౌడ్లు దించిన కుండలో కల్లు పొద్దెక్కినా నీరాలాగా తియ్యగానే ఉండిపోయింది. పిల్లలు తాగి బాగుందన్నారు, పెద్దలు తిట్టారు. దొడ్లో పెంటకుప్పలు కుళ్లడం మానేశాయి. తోటల్లో రాలిన ఆకు రాలినట్టే పచ్చగా పడి ఉంటే, రైతులు దాన్ని కాలితో తిరగేసి చూసి భయపడ్డారు.

పంచాయతీ ఆఫీసు ముందు జనం పోగైతే హైమ తనంతట తనే వెళ్లి నిలబడింది. ఇది నేను తెచ్చిందే, దీన్ని చంపే మార్గం కూడా నేనే చెబుతాను అంది. కాల్చిన సున్నం అప్పటికప్పుడు నీళ్లలో వేసి, ఆ వేడి చల్లారకముందే ఇంటింటా గోడలన్నిటికీ కొట్టాలి. గిన్నెలు సున్నపు నీళ్లలో మరిగించాలి, రోళ్లు, బల్లలు ఆ నీళ్లతోనే కడగాలి, దొడ్లలోనూ తోటల్లోనూ సున్నం చల్లాలి. ఒక్క ఇల్లు మిగిలినా మళ్లీ మొదటికొస్తుంది. తోడు మా అత్తగారు పెట్టిందని ఆమె ఒక్క మాట కూడా అనలేదు. మా అమ్మ గుంపు వెనకాల నిలబడి చెంగు నోట్లో కుక్కుకుంది.

ఊరంతా సున్నం వాసనే. మా ఇంటికి సున్నం బాల్చీలు మోసుకొచ్చినవాడు సుందర్రావే. గోడకి కుంచె పెడుతూ, పిల్లకి మళ్లీ వస్తుందేమోనండీ అని నసిగాడు. వాళ్ల పిల్లకీ వస్తుందని అతనికి తెలుసు. అయినా కొట్టాడు, వాళ్లింట్లోనూ కొట్టుకున్నాడు. అతన్ని తిట్టుకుందామన్నా నాకు కుదరదు, మంచివాడు.

ప్రయోగశాలవాళ్లు హైమని ఉద్యోగంలోంచి తీసేశారు. సీసాలన్నీ పొయ్యిలో వేసి కాల్చేశారు. వాటిల్లో తిండి లేకపోతే చచ్చిపోయే మొదటి రకం కూడా ఉంది. అదొక్కటి ఉంచండి, దానివల్ల ఏ హానీ లేదు అని ఆమె బతిమాలితే విన్నవాడు లేడు. ఆ మొద్దు దొరికిన తోట యజమాని మొద్దుని ఎప్పుడో వంటచెరుకు చేసేశాడు.

పిండి పొంగింది, రొట్టెలు పొంగాయి, జనం వచ్చి తిన్నారు. కాని హైమ వీధిలో వెళ్తుంటే ఒకప్పుడు బంగారమన్నవాళ్లే కొంగు పక్కకి లాక్కునేవారు. సున్నం కొత్తగా ఉన్నన్నాళ్లు గోడలు బాగానే ఉన్నాయి. తర్వాతి ఏడు వానలు దిగి, ఏటి నీరు పునాదుల్లోకి ఊరగానే, సున్నం పెచ్చులు లేచి వాటి కింద నల్ల చుక్కలు కనిపించాయి.

ఈసారి నీలుని ఊరి ఆసుపత్రివాళ్లు చేర్చుకోలేదు. కాకినాడ తీసుకెళ్లమన్నారు. అంబులెన్సులో ముక్కుకి గొట్టం పెట్టుకుని అది నా చెయ్యి పట్టుకున్న పట్టు ఇప్పటికీ నా మణికట్టు మీద ఉన్నట్టే ఉంటుంది. పెదాలు నీలంగా అయిపోయాయి. గండం గడిచాక డాక్టరమ్మ హైమని పక్కకి పిలిచి, ఇలాంటిది ఇంకోసారి వస్తే చెప్పలేం అంది. ఈ సంగతి హైమ నాకు చెబుతుంటే మా అమ్మ పక్కనే ఉండి వింది. ఆ సాయంత్రమే బస్సెక్కి ఊరికి వెళ్లిపోయింది.

ఇంటికి తెచ్చాక నీలు మంచం చుట్టూ మేం కాపలా కాశాం. వాన కురుస్తూనే ఉంది. పిల్లికూతలు మాత్రం రాలేదు. రోజూ కాస్త ఎక్కువ తింటోంది, మెట్లెక్కుతోంది. కొత్త మందు పనిచేసిందనుకుని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఒక పెళ్లివారు పొట్టిక్కలు చెప్పారు. పనసాకుల బుట్టలు కుట్టించి, పిండి రుబ్బించి, పెద్ద గంగాళంలో పోసి పడుకున్నాను.

పొద్దున మూత తీస్తే పిండి పోసిన గుర్తు దగ్గరే ఉంది. ఒక్క బుడగ లేదు.

నా చూపు గోడల మీదికి పోయింది. సున్నం పెచ్చుల మధ్య నల్ల చుక్కలు లేవు. నీలు గదిలో అయితే మంచం పక్క గోడ అద్దంలా ఉంది. హైమే చేసిందనుకుని కోపంతో వంటింట్లోకి వెళ్లాను. హైమ నాకంటే ముందే అక్కడ నిలబడి ఉంది. ఆమె ముందు పెద్ద బేసిన్లో మా అమ్మ నేత చీర నానుతోంది. పక్కన మూతికి గుడ్డ కట్టిన జాడీ ఉంది.

నేత చీరలకి గంజి పెట్టుకోవడం మా అమ్మకి అలవాటు. సున్నం కొట్టే ముందురోజు ఆ కుండలో గంజితోనే ఒక చీరకి గంజి పెట్టి, ఆరేసి, మడత పెట్టి, ట్రంకుపెట్టె అడుగున దాచేసింది. ఊరంతా గోడలూ గిన్నెలూ వెతికారు గాని, ముసలావిడ చీర మడత విప్పి చూడాలని ఎవరికి తోస్తుంది? కాకినాడ నుంచి దిగగానే ఆ చీర తీసి గోరువెచ్చని గంజిలో వేసింది.

నేను నోరు తెరవకముందే అమ్మ అంది: "పొట్టిక్కలు కాకపోతే ఇంకోటి తింటారురా జనం. పిల్లకి గాలి తప్ప ఇంకోటి లేదు."

తన చేత్తో నిలబెట్టిన హోటలు గురించి ఆ మాటంది. హైమ నావైపు తిరిగి, పారబొయ్యమంటారా అని అడిగింది. ఆమె అడగాల్సిన పద్ధతి అది కాదు. చదువుకున్నది ఆమె, దీని సంగతంతా తెలిసింది ఆమె. పక్కగదిలోకి వెళ్లి నీలు మంచం దగ్గర నిలబడ్డాను. నిద్రలో ఉంది. చెవి దగ్గరగా పెడితే తప్ప ఊపిరి తీస్తున్న చప్పుడే లేదు. నేను వెనక్కి వచ్చి, గంగాళంలో పిండి పెరట్లో గొయ్యి తవ్వి పోసి, మీద సున్నం చల్లి పూడ్చాను. పెళ్లివారితో నడుం పట్టేసిందని చెప్పాను. హోటలు ఆరోజు మూసింది మళ్లీ తెరవలేదు.

ఆనాటి నుంచి మా ఇంట్లోంచి తడి వస్తువేదీ గుమ్మం దాటకూడదని హైమ కట్టుదిట్టం చేసింది. బయటికి వెళ్లే ముందు చేతులు సున్నపు నీళ్లలో కడుక్కోవాలి. ఎవరికీ గ్లాసెడు మంచినీళ్లు కూడా ఇవ్వకూడదు. గుమ్మంలోకి వచ్చినవాళ్లకి ఏదో ఒకటి పెట్టందే పంపని ఇల్లు మాది. ఇప్పుడు ఎవరైనా వస్తుంటే చూసి తలుపు దగ్గరగా వేస్తాం. నేను కొబ్బరి పీచు మిల్లులో పనికి కుదిరాను. చేతులు ఒరుసుకుపోతాయి గాని, పొడి పని.

సుందర్రావు ఒక సాయంత్రం వచ్చాడు. దీపాలు పెట్టేసిన వేళ. గుమ్మం బయటే నిలబడ్డాడు, చేతిలో చిన్న గిన్నె ఉంది. మా అమ్మని పిన్నిగారూ అని పిలిచాడు.

"మీ హోటలు ఎందుకు మూశారో నాకు తెలుసండి. నేనెవరికీ చెప్పలేదు, చెప్పను కూడానండి. మా జ్యోతికి నిన్న పెదాలు నీలంగా అయిపోయాయండి. కాస్త తోడు పెట్టండి."

మా అమ్మ అతని గిన్నెకేసి చూసింది.

"దీపాలు పెట్టేశాం నాయనా. పొద్దున రా."

అతను వెళ్లాక ఇంట్లో ఎవరం అన్నం తినలేదు. అతను చెప్పడని నాకు నమ్మకమే. కాని అతనిది బేకరీ. వాళ్లింట్లో గోడకి అద్దిన చెయ్యి పిండిలోకి వెళ్తుంది, పిండి ట్రేలు ఊరంతా తిరుగుతాయి. వాళ్లింటికి ఇస్తే ఊరికి ఇచ్చినట్టే అని హైమ చెప్పింది. బేకరీ మూసుకోమని అడగొచ్చు కదా అన్నాను నేను. అతని మీద ఆధారపడి నలుగురు అన్నదమ్ముల కుటుంబాలున్నాయి, మూస్తే ఎందుకు మూశావని ఊరు అడుగుతుంది, అప్పుడు సున్నం బాల్చీలు రెండిళ్లకీ వస్తాయి అంది. నీలు పుస్తకం చదువుకుంటూ, జ్యోతి బడికి ఎందుకు రావడం లేదమ్మా అని అడిగింది. హైమ లేచి పెరట్లోకి వెళ్లిపోయింది.

తెల్లవారగానే సుందర్రావు గిన్నె కడిగి తెచ్చుకున్నాడు. మా అమ్మ లోపలికి వెళ్లి, నిండా పోసి తెచ్చిచ్చింది. గంజి మీద తెల్లగా పొర కట్టి ఉంది. అతను దాన్ని కళ్లకి అద్దుకుని, ఒలికిపోకుండా రెండు చేతులతో పట్టుకుని, వానలో తల తడుస్తున్నా గిన్నెకి అరచెయ్యి అడ్డం పెట్టుకుని రోడ్డు దాటాడు.

నేను లోపలికి పరిగెత్తి చూస్తే జాడీ మూతికి గుడ్డ కట్టింది కట్టినట్టే ఉంది.

"ఉత్త గంజేరా," అంది అమ్మ, పొయ్యికేసి తిరిగి. "మరగ్గాచి, పైన పాలమీద మీగడ తరక వేశాను."

నేను అరుగు మీదికి వచ్చాను. అతనింకా కనిపిస్తూనే ఉన్నాడు. పిలిస్తే వినిపించేంత దూరంలోనే ఉన్నాడు.

అది మొదలు అతను వస్తూనే ఉన్నాడు. వాన వెలిసిన పూట వాళ్ల కిటికీలోంచి ఆ పిల్ల పిల్లికూతలు మా అరుగు మీదికి వినిపిస్తాయి. నీలు హోంవర్కు చేసుకుంటూ చెవులు మూసుకుంటుంది. ఇవాళ పొద్దున కూడా అతను గిన్నె శుభ్రంగా తోమించి తెచ్చాడు. మొహం పీక్కుపోయింది. తప్పంతా తనదే అయినట్టు నిలబడ్డాడు.

"మళ్లీ పట్టలేదండి పిన్నిగారూ. మా ఆవిడ చేతివాటం మంచిది కాదేమోనండి. ఇంకొంచెం పెడతారా?"

అమ్మ చెయ్యి చాపి గిన్నె అందుకుంది. తోడు లేదని చెప్పడం ఆవిడకి ఇప్పటికీ చేతకాదు.